టోపీ పెడితే కేసు, చొక్కా వేస్తే ఫొటో

మా ఇంట్లో ఇప్పుడు మనుషుల కన్నా బట్టలే ఎక్కువ మాట్లాడుతున్నాయి. మేడ మీద దండెం చూడండి, ఎన్నికల ముందు ప్రహరీగోడలా ఉంటుంది. మనవడి నల్లచొక్కా మీద చే గువేరా. మనవరాలి తెల్లచొక్కా మీద ఆడవాళ్ల హక్కుల గురించి ఇంగ్లీషులో రెండు వరుసలు. మరో ఆకుపచ్చ చొక్కా భూగోళం వేడెక్కిపోతోందని గగ్గోలు పెడుతుంది. అది వేసుకునే మహానుభావుడు ఏసీ పద్దెనిమిదిలో పెట్టుకుని, రగ్గు కప్పుకుని పడుకుంటాడు. ఇదంతా ఎందుకురా అంటే, "మన అభిప్రాయం నలుగురికీ తెలియాలి కదా తాతయ్యా" అంటాడు. తెలియాలి నాయనా. కానీ ఆ అభిప్రాయం చదవడానికి నేను కళ్లజోడు వెతుక్కుని నీ ఛాతీ వైపు తేరిపార చూడాల్సి వస్తోంది, అదీ నా బాధ.

బట్టల్లోకి రాజకీయం రాకూడదని నేనెందుకంటాను? నేను పుట్టిందే ఖద్దరు పొత్తిళ్లలో. మా నాన్నగారు కాంగ్రెసు వలంటీరు. మాది పొందూరుకి దగ్గర పల్లె. ఆయన ఒంటి మీద మిల్లు బట్ట నేను చూడలేదు. పెళ్లిళ్లకి వెళ్లినా అదే ముతక పంచె, అదే ముతక చొక్కా. పట్టుబట్టల మధ్య ఆయన కూర్చుంటే వడ్డించేవాళ్లు ఒక్కొక్కసారి దాటుకుని వెళ్లిపోయేవారు. ఆయనకది అవమానమని తోచేది కాదు. మా అమ్మకి తోచేది.

ఆ బట్ట వెనక ఎంత తతంగం ఉందో ఇప్పటి పిల్లలకి చెబితే కథ అనుకుంటారు. 1921 మార్చి ఆఖర్న బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ కూర్చుంది. కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు కావాలని లెక్క కట్టింది. గమనించండి, రాజకీయ పార్టీ తీర్మానంలో రాట్నాల లెక్క! అక్కడే మన పింగళి వెంకయ్యగారు గాంధీగారికి జెండా నమూనా చూపించారు. ఆ జూలై ఆఖర్న బొంబాయిలో సీమబట్టలు గుట్టలు పోసి తగలబెట్టారు. అప్పుడు పేదవాళ్ల దగ్గర్నుంచి ఒక ప్రశ్న వచ్చింది. ఉన్న బట్ట తగలేస్తే కట్టుకోవడానికి ఏదీ, ఖద్దరు కొనే స్తోమత మాకెక్కడిదీ అని. దానికి సమాధానంగానే సెప్టెంబరు 22న మధురైలో గాంధీగారు పొడుగు పంచె, చొక్కా వదిలేసి గోచీకి దిగారు. కొనలేకపోతే ఇంత చాలు అని తన ఒంటి మీద చూపించారు. చలి దేశానికి వెళ్లి చక్రవర్తి ఇచ్చిన విందులో కూడా దాన్ని వదల్లేదు. ఇప్పుడెవడైనా అభిప్రాయం మారిందంటే కొత్తది కొంటాడు. ఆయన ఉన్నది తీసేశారు.

పొందూరు వైపు ఆడవాళ్లు పత్తిని శుభ్రం చేసేది దేనితోనో తెలుసా? వాలుగ చేప దవడ ఎముకతో. ఆ సన్నటి పళ్ల వరసతో గింజ చుట్టూ ఉన్న పోగుల్ని దువ్వుతారు. కొండపత్తి, పునాసపత్తి, ఎర్రపత్తి అని రకాలు. దువ్వాక గింజ తీసి, దూది ఏకి, ఏకులు చుట్టి, వాటికి మురికి అంటకుండా ఎండిన అరటి పట్టలో పెట్టుకుని ఒంటి కదురు రాట్నం మీద వడుకుతారు. నూరో నంబరు నూలు, ఆపైన కూడా తీస్తారు. ఆ సన్నదనం మాట విని గాంధీగారు కొడుకు దేవదాసుని చూసి రమ్మని పంపారని మావైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1949లో అక్కడ సంఘం కూడా పెట్టుకున్నారు. అయితే మా నాన్నగారు కట్టింది ఆ సన్నఖద్దరు కాదు. అది కొనే తాహతు మాకు లేదు. ఆయనది గోనెసంచికి కాస్త తమ్ముడు. కొత్త చొక్కా మెడ దగ్గర గీసుకుపోయి ఎర్రగా కమిలేది.

ఈ మాట నేను గర్వంగా చెబుతూంటే వంటింట్లోంచి మా ఆవిడ ఒకసారి అడ్డం తగిలింది. "ఆ ఖద్దరు ఉతికిందెవరో కూడా చెప్పండి" అంది. నిజమే. తడిస్తే ఆ పంచె ఇద్దరు మోయాలి. సోడాలో ఉడకేసి, చెరువు గట్టున బండకేసి కొట్టి, గంజి పెట్టి, నీలిమందు వేసి, ముడతలు లాగి ఆరేసేది మా అమ్మ. చాకలికిస్తే అతను కూలి ఎక్కువ అడిగేవాడు, అతని తప్పూ లేదు. "స్వరాజ్యం మామయ్యగారిది, బండకేసి బాదుడు అత్తయ్యగారిది" అని తేల్చేసి మా ఆవిడ పోపు వేసుకుంది. పోపు ఘాటుకో ఏమో, నేను కాసేపు దగ్గాను.

సరే, ఆ రోజుల్లో అందరూ సత్యహరిశ్చంద్రులే అని కూడా నేననను. 1924లో కాంగ్రెసు సభ్యత్వానికి చందా డబ్బు కాదన్నారు, నెలకి 2,000 గజాల నూలు వడికి ఇవ్వాలన్నారు. ఎంత మంచి షరతు! ఉపన్యాసాలు దంచేవాడి చేతులకి కూడా పని పడుతుందనుకున్నారు. కానీ ఒంట్లో బాగోకపోయినా, ఇష్టం లేకపోయినా ఇంకొకరు వడికిన నూలు ఇవ్వొచ్చని పక్కనే ఒక కిటికీ తెరిచిపెట్టారు. పెద్దమనుషులు బోలెడుమంది ఆ కిటికీలోంచే దూరారు. మరుసటేడుకి ఆ షరతే సడలిపోయింది. కాబట్టి నాయకుడి పేరుతో ఇంకొకడు చెమటోడ్చే పద్ధతి మీ కాలంలో పుట్టిందని మురిసిపోకండి, మాకు ముందు నుంచే ఉంది.

అయినా ఒక తేడా ఉంది. అప్పుడు బట్టకి అవతలివాడు జడిసేవాడు. 1930లో ఉప్పు సత్యాగ్రహం నడిచే రోజుల్లో గుంటూరులో గాంధీ టోపీ పెట్టుకోవడమే నేరమని ఉత్తర్వు వేశారు. మూరెడు గుడ్డని మడిచి కుట్టిన టోపీ! అందులో తూటా లేదు, కత్తి లేదు. అయినా పోలీసులు దాన్ని లాక్కునేవారు, సత్యాగ్రహులు మళ్లీ పెట్టుకునేవారు. ఈ కథలు చెప్పేటప్పుడు మా నాన్నగారి గొంతులో ఒక చిలిపితనం వినిపించేది. ఇప్పుడు నా మనవడు చే గువేరా చొక్కాతో ఊరంతా తిరిగొస్తాడు. ఏ పోలీసూ ఆపడు. సిగ్నలు దగ్గర కానిస్టేబులు ఆపితే హెల్మెట్ లేదని ఆపుతాడు. ఆ బొమ్మ 1960లో హవానాలో అల్బర్టో కోర్డా తీసిన ఫొటో అని, ఆయన దాని మీద రాయల్టీ కూడా ఆశించలేదని చెప్పాను. "అవునా!" అన్నాడు. వేసుకున్నవాడికి బొమ్మలో ఉన్నదెవరో తెలుసు, అదొకటే నాకు కాస్త ఊరట. ఇదే బొమ్మ చూసి పాట పాడే ఇంగ్లీషువాడా అని అడిగిన కుర్రాణ్ణి కూడా నేను చూశాను.

కాకినాడ సంగతి చెబితే మనవరాలికి కూడా నచ్చింది. 1923లో అక్కడ కాంగ్రెసు మహాసభ జరిగింది, పక్కనే ఖాదీ ప్రదర్శన పెట్టారు. గుమ్మం దగ్గర ఒక పద్నాలుగేళ్ల పిల్ల వలంటీరు. టికెట్ లేకుండా ఎవర్నీ లోపలికి పంపొద్దని చెప్పారు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చాడు, జేబులో టికెట్ లేదు. ఆ పిల్ల ఆపేసింది. పెద్దలు కంగారుపడి టికెట్ కొన్నాకే దారి ఇచ్చింది. ఆ పిల్లే తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్. మనవరాలు విని, "ఇప్పుడైతే ఆ అమ్మాయి నెహ్రూతో సెల్ఫీ దిగేది తాతయ్యా" అంది. నేను అనాల్సిన మాట తనే అనేసింది.

నా గొణుగుడికి మొట్టమొదట కళ్లెం వేసినవాడు మా బడిలో నాతో పనిచేసిన ఒక లెక్కల మాస్టారు. ఆయన మాలపేట నుంచి చదువుకుని పైకొచ్చిన మనిషి. నేను పంచెలో, ఆయన ఇస్త్రీ ప్యాంటులో. చొక్కా లోపలికి దోపి, బెల్టు పెట్టి, బూట్లు తళతళలాడిస్తూ వచ్చేవాడు. మే నెల ఎండలో కూడా బూట్లే. ఒక గాంధీ జయంతికి నేను, "మాస్టారూ, ఒక్కరోజైనా ఖద్దరు కట్టకూడదా?" అన్నాను. ఆయన నవ్వుతూనే, "మీరు ముతకబట్ట కడితే త్యాగం అంటారు. నేను కడితే వీడెప్పుడూ ఇంతే కదా అంటారు" అన్నాడు. వాళ్ల నాన్న మా వీధిలోకి రావాలంటే చెప్పులు చేత్తో పట్టుకుని, తలపాగా విప్పి చంకన పెట్టుకుని నడిచిన మనిషి. ఆ వీధిలోనే కొడుకు బూట్లు టకటకలాడించుకుంటూ నడిచాడు.

తర్వాత నేను అంబేడ్కర్ గురించి చదివాను. 1927లో మహాడ్‌లో ఆడవాళ్లని ఉద్దేశించి మాట్లాడుతూ చీర కట్టులోనే కులం ఆనవాలు కనిపిస్తోందని, పైకులాల ఆడవాళ్లలాగే పాదాల దాకా చీర దించి కట్టుకోమని, ఆ గుర్తులయిన బరువు నగలు తీసెయ్యమని చెప్పాడు. అదే దేశం, అదే కాలం. ఒకాయన సూటు విప్పి గోచీ పెట్టాడు. ఇంకొకాయన ఆ సూటు విప్పనే లేదు. రెండూ రాజకీయమే. ఇప్పుడు మా మండలంలో ఊరూరా నీలం సూటు, ఎర్ర టై, చేతిలో పుస్తకంతో ఆయన విగ్రహం నిలబడి ఉంది. అంతకు ముందే తిరువాన్కూరులో నాడార్ ఆడవాళ్లు రవిక వేసుకునే హక్కు కోసం దెబ్బలు తిని, దశాబ్దాలు కొట్లాడి, 1859లో రాజు చేత ఒప్పించుకున్నారు. ఛాతీ కప్పుకునే గుడ్డ కోసం! వాళ్ల ముందు నా ఖద్దరు గొప్పలు చెప్పాలంటే నోరు పెగలదు. అందుకని వాళ్లు లేనప్పుడు చెబుతాను.

ఖద్దరు పతనం నా కళ్ల ముందే జరిగింది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో అక్టోబరు 2 వచ్చిందంటే ఖాదీ భండారు ముందు బారు తీరేవాళ్లం, రిబేటు కోసం. దేశభక్తికి తగ్గింపు ధర! అప్పటికే టెరిలిన్ చొక్కా, టెర్రీకాటన్ ప్యాంటు ఊళ్లోకి దిగాయి. ఉతికితే ఆరిపోతుంది, ఇస్త్రీ అక్కర్లేదు, ఏళ్లు గడిచినా చిరగదు. ఎండాకాలంలో లోపల మనిషి ఉడికిపోయేవాడు, అయినా అది వేసుకున్నవాడే అల్లుడిగా పనికొచ్చేవాడు. ఖద్దరు మెల్లగా రెండు రకాల మనుషులకి మిగిలింది. ఒకరు వావిలాల గోపాలకృష్ణయ్యగారి లాంటివాళ్లు. సత్తెనపల్లి నుంచి పలుమార్లు శాసనసభకి గెలిచినా అదే ముతక ఖద్దరులో, చేతిసంచితో, ఆర్టీసీ బస్సులో కనపడే మనిషి. ఇంకొక రకం గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. వాళ్ల ఖద్దరు మల్లెపూవులా ఉండి, కారు తలుపు తీసేదాకా మడత నలిగేది కాదు. మా చిన్నప్పుడు తెల్లబట్టల మనిషి కనపడితే నమ్మకంగా దగ్గరికి వెళ్లేవాళ్లం. నేను రిటైరయ్యే నాటికి తెల్లబట్టల మనిషి వస్తుంటే జేబు తడుముకునే పరిస్థితి వచ్చింది.

జెండా సంగతి మాత్రం నాకు మింగుడుపడదు. త్రివర్ణ పతాకం చేత్తో వడికి చేత్తో నేసిన బట్టతోనే ఉండాలని ఇన్నేళ్లూ నిబంధన. హుబ్లీలో ఖాదీ సంఘంవాళ్లు పోగులు లెక్కపెట్టి, రంగు పరీక్షించి, కొలత తప్పకుండా కుట్టేవారు. 2021 డిసెంబరు 30న నిబంధన మార్చేసి పాలియెస్టరు కూడా పనికొస్తుందన్నారు, మిషను నేత కూడా పర్వాలేదన్నారు. మరుసటేడు ఇంటింటా జెండా అన్నప్పుడు మా అపార్టుమెంటులో ప్రతి బాల్కనీకీ ఒకటి వేలాడింది. చూడముచ్చటగానే ఉంది, కాదనను. పండగైన పది రోజులకి వాటిలో ఒకటి మోటారుసైకిలు తుడిచే గుడ్డగా కనిపించింది. నేను అరిస్తే వాచ్‌మన్ నన్నే వింతగా చూశాడు. పింగళి వెంకయ్యగారు పత్తి మీద ప్రయోగాలు చేసి, జనం చేత పత్తి వెంకయ్య అని పిలిపించుకున్న మనిషి. ఆయన జెండాకి పత్తే అక్కర్లేకుండా పోయింది.

ఇక వేషాల కాలం. దీనికి సినిమావాళ్లని అనాలి, కానీ ఆ సినిమాలు చూసిన పాపం నాదీ ఉంది కాబట్టి మెల్లగా అంటాను. 1982 మార్చి 29న ఎన్టీ రామారావు పార్టీ పెట్టాడు. చైతన్యరథం ఎక్కి ఖాకీ బట్టల్లో ఊరూరా తిరిగాడు. కిరీటాల్లో చూసిన రాముణ్ణి డ్రైవరు బట్టల్లో చూసి జనం వెర్రెత్తిపోయారు. రోడ్డు పక్కనే స్నానం, రోడ్డు పక్కనే భోజనం. 1983 జనవరి 9న ముఖ్యమంత్రి అయ్యాడు. తర్వాత కాషాయంలోకి మారాడు. ఏ బట్ట ఎప్పుడు వేస్తే జనం గుండెలో ఏ తీగ మోగుతుందో ఆయనకి తెలిసినంత ఈ రాష్ట్రంలో ఇంకెవరికీ తెలియదు. 2003 వేసవిలో రాజశేఖరరెడ్డి పంచెకట్టుతో చేవెళ్లలో బయలుదేరి మా జిల్లా కొస ఇచ్ఛాపురం దాకా నడిచాడు. ఆ తర్వాత కొన్నాళ్లు మావైపు ప్యాంటు తప్ప ఎరగని కుర్ర నాయకులందరూ పంచెలు కట్టి, నడవలేక తొట్రుపడుతూ సభలకి వచ్చారు.

ఇప్పుడంత శ్రమ కూడా లేదు. కండువా ఉంటే చాలు. పసుపుదొకటి, గులాబీదొకటి, మూడు రంగులదొకటి, కాషాయానిదొకటి, మెడకి చుట్టే ఎర్ర తువ్వాలొకటి. పేపరు తెరిస్తే ఫలానా ఆయనకి ఫలానా ఆయన కండువా కప్పి పార్టీలోకి ఆహ్వానించారని ఫొటో. ఒంటి మీద నిన్నటి కండువా మడత కూడా పోయి ఉండదు. సభ అంటే లారీలో మనుషులు ఎంతమందో కండువాలు అన్ని మూటలు. అంచు కూడా కుట్టని పాలియెస్టరు ముక్కలు, చెమట పీల్చవు, ముఖం తుడుచుకుంటే జారిపోతాయి. పూర్వం రైతు భుజం మీద తువ్వాలు ఎందుకుండేదో వీటిని తయారుచేసేవాడికి తెలియదు. మా ఇంటికి పాలు పోసే అతని దగ్గర నాలుగు పార్టీల కండువాలూ ఉన్నాయి. "ఎవరికి వేశావయ్యా?" అంటే, "కండువా ఇచ్చినోళ్లందరికీ వేస్తే ఓటు చాలదు బాబూ" అన్నాడు. రాష్ట్రంలో నిజమైన రాజకీయ పరిజ్ఞానం అక్కడుంది.

ఈ గోలలో ఇద్దరిని మాత్రం నేను పక్కన పెడతాను. ఒకరు అప్పటి చిత్తూరు ఎంపీ శివప్రసాద్. 2018లో ప్రత్యేక హోదా కోసం రోజుకొక వేషంలో పార్లమెంటుకి వచ్చేవారు. ఒకరోజు నారదుడు, ఒకరోజు హిట్లర్. అందరూ నవ్వారు. హోదా రాలేదు, అది వేరే మాట. కానీ ఆయన నాటకాలాడిన మనిషి. తనకొచ్చిన విద్యని తీసుకెళ్లి పార్లమెంటు గుమ్మంలో నిలబెట్టాడు. నవ్వులపాలవడానికి సిద్ధపడ్డాడు. అరువు తెచ్చుకున్న కండువా కప్పుకుని గంభీరంగా నిలబడేవాళ్ల కన్నా నాకాయన నయమనిపించాడు.

రెండోవాడు గాయకుడు గద్దర్. ఒంటి మీద చొక్కా లేదు, భుజాన నల్ల గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకి గజ్జెలు. ఆ గొంగడి మాట మా మనవడికి చెప్పాల్సి వచ్చింది. వాడది శాలువా అనుకున్నాడు. తెలంగాణలో కురుమలు దక్కనీ గొర్రెల ఉన్ని కత్తిరించి, వడికి, నేసేది గొంగడి. గొర్రెల కాపరికి వానలో అదే గొడుగు, చలిలో అదే దుప్పటి, రాత్రి అడవిలో అదే పక్క. అది భుజాన వేసుకుని వేదికెక్కితే కింద కూర్చున్నవాడికి తన ఇంటి మనిషి ఎక్కినట్టుండేది. ఆయన రాజకీయాలతో నాకు చాలా పేచీలున్నాయి, అవి ఉండనీయండి. 1997లో ఇంటికొచ్చి తూటాలు కాల్చారు. ఒక తూటా వెన్నులో ఉండిపోయింది, 2023లో పోయేదాకా దాన్ని మోశాడు. ఆయన వేషాన్ని ఫ్యాషను అనడానికి నాకు నోరు రాదు.

దొరల దేశాల్లో ఈ బట్టల రాజకీయం వ్యాపారం కూడానట, మనవరాలే చెప్పింది. ఒక పెద్ద ఫ్రెంచి కంపెనీ 2017 మోడలుగా మనమందరం స్త్రీవాదులం కావాలని రాసిన మామూలు కాటన్ చొక్కా ఒకటి తెచ్చింది. ఖరీదు 700 డాలర్ల పైన. 2021లో న్యూయార్కులో మెట్ గాలా అనే సంబరానికి అలెగ్జాండ్రియా ఒకాసియో కోర్టెజ్ అనే అమెరికా కాంగ్రెసు సభ్యురాలు డబ్బున్నవాళ్ల మీద పన్ను వెయ్యండని వీపు మీద ఎర్రక్షరాలతో రాయించుకున్న తెల్లగౌను వేసుకొచ్చింది. అక్కడ టికెట్టు ఒక్కటి 35,000 డాలర్లట. ఆమె అతిథిగానే వచ్చిందట, కొనలేదట. డబ్బున్నవాళ్ల మధ్యకే వెళ్లి ఆ మాట చెప్పింది కదా అని మనవరాలి వాదన. వాళ్లు ఆ గౌనుతో ఫొటో దిగి, భోంచేసి, ఇంటికి వెళ్లారు కదా అని నాది. అదే 1984లో లండనులో క్యాథరిన్ హామ్నెట్ అనే డిజైనరు చేసింది నాకు నచ్చింది. ప్రధాని థాచర్ ఇచ్చిన విందుకి కోటు వేసుకుని వెళ్లింది. ఎదురుగా నిలబడగానే కోటు తెరిచింది. లోపల చొక్కా మీద పెర్షింగ్ క్షిపణులు 58 శాతం మందికి వద్దని ఇంత లావు అక్షరాలు. ఆ ముసలమ్మ ముఖం ఫొటోలో చూడాలి. చొక్కా అంటే అలా ఉండాలి. చదవాల్సినవాళ్లు చదవాలి.

"అయితే నీ బాధంతా రాత గురించా, చొక్కా గురించా?" అని మనవరాలు నిలదీసింది. నేను రానా ప్లాజా పేరెత్తాను. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర సావార్‌లో ఎనిమిది అంతస్తుల భవనం కూలింది. ముందురోజే గోడలు బీటలిచ్చాయి. అయినా పొద్దున్నే కుట్టుపనివాళ్లని లోపలికి తోలారు. 1,100 మందికి పైగా పోయారు, ఎక్కువమంది ఆడపిల్లలే. వాళ్లు కుట్టేది విదేశీ కంపెనీల బట్టలు. నీ చొక్కా మీద ఆడవాళ్ల హక్కులని రాసుంది, సంతోషం, ఆ చొక్కా కుట్టిన ఆడమనిషికి ఎంత ముట్టిందో లోపల చీటీ మీద రాసుందా అని అడిగాను. అది ఏమీ మాట్లాడకుండా వెళ్లి చొక్కా తిరగేసి చీటీ చూసుకుంది. ఉతికే నీళ్లు ఎంత వేడిగా ఉండాలో రాసుంది.

దాని పౌరుషం దాని తాతది. మర్నాటి నుంచి చేనేతే కడతానంది. ఆగస్టు 7 చేనేత దినోత్సవానికి కాలేజీలో పోచంపల్లి చీర కట్టుకోవాలని ఫోనులో తెప్పించుకుంది. వచ్చిన చీర నిగనిగలాడుతోంది. నేను తిరగేశాను. లోపలి వైపు రంగు వెలిసినట్టు పాలిపోయి ఉంది. పోచంపల్లిలో బట్ట మీద బొమ్మ అచ్చు గుద్దరు. నూలుని ముందే లెక్క ప్రకారం రబ్బరు ముక్కలతో బిగించి చిటికి కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి, ఇంకో రంగులో ముంచి, అప్పుడు మగ్గం ఎక్కిస్తారు. రంగు పోగులోనే ఉంటుంది కాబట్టి అటు చూసినా ఇటు చూసినా ఒకటే. కొంగు చివర్నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల గీశాను. నూలైతే కాగితం కాలిన వాసనేసి బూడిద అవుతుంది. ఇది ముడుచుకుపోయి గట్టి పూసలా మిగిలింది. చేనేతకారుల కోసం కొన్ని రకాల బట్టలు మరమగ్గాల మీద నెయ్యకూడదని 1985లోనే చట్టం తెచ్చారు. చట్టం కాగితం మీద ఉంది, పోచంపల్లి బొమ్మ పాలియెస్టరు మీద ఉంది.

పిల్ల ముఖం చిన్నబోయింది. చేనేత దినోత్సవం నాడు మరమగ్గం చీర కట్టుకుని ఫొటో దిగి పెడదామనుకుంది కదా పాపం. "మరి నిజమైనది ఎక్కడ దొరుకుతుంది?" అంది. నాకు ఉత్సాహం పట్టుకొచ్చింది. పొందూరు సంఘంలో తెలిసినవాళ్లకి ఫోను చేసి సన్నఖద్దరు చీర ధర కనుక్కున్నాను. అంకె విని అది గుండె మీద చెయ్యి వేసుకుంది. చేప దవడతో దువ్విన దగ్గర్నుంచి మొదలెట్టి, ఒక చీరకి ఎన్నాళ్లు పడుతుందో, ఎంతమంది చేతులు మారుతుందో అంతా చెప్పాను. అక్కినేని నాగేశ్వరరావుగారు పొందూరు పంచె ఇష్టంగా కట్టేవారని కూడా చెప్పాను. కొనడానికి డబ్బు నేనిస్తానన్నాను.

అది అన్నీ విని, "తాతయ్యా, మరి ఆ నూలు వడికే అమ్మలు ఏం కట్టుకునేవారు?" అంది.

నాకు వాళ్లందరూ గుర్తున్నారు. అరుగు మీద కాలు చాపుకుని, పక్కన అరటి పట్టలో ఏకులు పెట్టుకుని కూర్చునేవారు. రాట్నం తిరుగుతుంటే పోగు కంటికి ఆనేది కాదు. ఒంటి మీద మాత్రం అందరికీ మిల్లు చీరలే, సంతలో కొన్నవి, అదీ చౌకరకం.

అదే చెప్పాను. "మరి మీ నాన్నగారు వాళ్లని చూసి ఏమీ అనేవారు కాదా?" అంది. మా రోజుల్లో పెద్దవాళ్లని ఇలాంటి ప్రశ్నలు అడిగేవాళ్లం కాదు.